శాలువ అంచు: అలంకారమా, నిర్మాణమా?
(షెట్లాండ్ లేసు అల్లిక చరిత్రపై కొన్ని ఆలోచనలు)

కళారూపాల చరిత్ర రాసేటప్పుడు మన విమర్శ తరచుగా రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి, రూపాన్ని దానికదిగా వర్ణించి మురిసిపోవడం. రెండు, ఆ రూపాన్ని పుట్టించిన ఆర్థిక పరిస్థితులను ఏకరువు పెట్టి, రూపం సంగతి ఎత్తకుండానే వ్యాసం ముగించడం. మొదటి దారిలో మనిషి కనబడడు. రెండో దారిలో ఆ మనిషి చేసిన పని కనబడదు. వస్తువు - శిల్పం అనే చర్చ మనలో ఎన్ని దశాబ్దాలుగా సాగుతున్నా, ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో చూపే ఉదాహరణలు మాత్రం తక్కువే.

సాహిత్యేతరమైన ఒక ఉదాహరణ తీసుకుని ఈ విషయం పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అది స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో స్త్రీలు ఊలుతో అల్లిన లేసు శాలువ. అందులోనూ మొత్తం శాలువ కాదు, దాని అంచు. పది పదిహేను కుట్ల వెడల్పు మించని ఆ రంపపు పళ్ల పట్టీని రూపొందించడంలో ఎంత ఆలోచన ఉందో, ఆ ఆలోచన చేసిన వాళ్లకు చరిత్ర ఏమి ఇచ్చిందో పక్కపక్కన పెట్టి చూడాలి.

దీవులూ, స్త్రీలూ, ఊలూ

షెట్లాండ్ దీవులు 1469 వరకు నార్వే రాజ్యానివి. ఒక రాకుమార్తె కట్నం కింద తాకట్టు పడి స్కాట్లండు చేతికి వచ్చాయి. చెట్లు లేని, గాలి ఆగని నేల. చిన్న కౌలు కమతాలు. మగవాళ్లకు సముద్రమే జీవనం. పడవలు తిరిగి రాని రోజులు ఆ దీవుల చరిత్రలో చాలా ఉన్నాయి. 1881 జూలైలో ఒక్క తుఫానులో 58 మంది జాలర్లు మునిగిపోయారు. 19వ శతాబ్దమంతా అక్కడి జనాభాలో పురుషుల కంటే స్త్రీల సంఖ్య గణనీయంగా ఎక్కువ. పొలం దున్నడం, పీట్ అనే బురదబొగ్గు తవ్వి బుట్టల్లో వీపున మోసుకురావడం, పశువులను చూసుకోవడం, వీటన్నిటితో పాటు అల్లిక. వీపు మీద బుట్ట, చేతిలో అల్లిక సూదులతో నడిచి వస్తున్న స్త్రీల ఫొటోలు అప్పటివి చాలానే మిగిలాయి. నడుముకు తోలు పట్టీ కట్టుకుని, దాని చిల్లుల్లో ఒక సూది మొన గుచ్చి నిలిపితే, ఆ చేతికి బరువు తగ్గి అల్లిక వేగంగా సాగుతుంది. ఆ పట్టీ వాళ్ల పనిముట్టు.

లేసు రాకముందు శతాబ్దాల పాటు వాళ్లు అల్లినవి మేజోళ్లు. హెర్రింగ్ చేపల వేటకు వచ్చే డచ్చి నావికులు వాటిని కొనేవాళ్లు. యంత్రాల మేజోళ్లు చౌకగా దొరకడం మొదలయ్యాక ఆ బేరం దెబ్బతింది. 1830ల్లో సన్నని లేసు అల్లిక తలెత్తడానికి నేపథ్యం ఇది. ఆక్స్‌ఫర్డ్ వ్యాపారి ఎడ్వర్డ్ స్టాండెన్ 1830ల చివర ఆ దీవులకు వచ్చి, అక్కడి శాలువలను లండన్ సంతకు పట్టుకెళ్లాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో షెట్లాండ్ శాలువలు ఉన్నాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ధనిక స్త్రీల భుజాల మీద వాటికి తిరుగులేదు.

షెట్లాండ్ గొర్రె మెడ దగ్గరి ఊలు చాలా మెత్తన. దాన్ని కత్తిరించరు. ఊలు తనంత తాను వదులయ్యే కాలంలో చేత్తో పీకుతారు. దాన్ని ఒంటి పోగుగా వడికితే వచ్చే నూలు సాలెపోగు లాంటిది. ఆ నూలుతో ఆరడుగుల చదరంగా అల్లిన శాలువ మూడు ఔన్సులు కూడా తూగకపోవచ్చు. పెళ్లి ఉంగరంలోంచి దూర్చి లాగగలిగే శాలువ అని దానికి పేరు. ఈ మాట విని ఆశ్చర్యపోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. అసలు కథ ఆ శాలువ నిర్మాణంలో ఉంది.

అంచు ముందు, శాలువ తర్వాత

చీర గురించి మాట్లాడేటప్పుడు మనం ఒళ్లు, అంచు, కొంగు అంటాం. షెట్లాండ్ శాలువలోనూ మూడు భాగాలున్నాయి. నడిమి చదరం, దాని చుట్టూ వెడల్పాటి బోర్డరు, ఆ బోర్డరు చుట్టూ సన్నని అంచు. తెలుగులో చివరి రెంటికీ అంచు అనే మాటే వాడతాం కాని, అల్లేవాళ్లకు అవి వేర్వేరు పనులు. చూసేవాళ్లకు అంచు చివరన తగిలించిన సింగారంలా కనిపిస్తుంది. నిజానికి సంప్రదాయ పద్ధతిలో సన్నరకం శాలువకు మొట్టమొదట అల్లేది అంచే.

పది కుట్లు సూదికి ఎక్కించి, సన్నని పట్టీగా అడ్డంగా అల్లుకుంటూ పోతారు. శాలువ నాలుగు వైపులకూ సరిపడేంత పొడుగు పట్టీ. దానికి ఒక పక్క తిన్నగా ఉంటుంది, మరో పక్క రంపపు పళ్లలా మొనలు తేలి ఉంటుంది. తిన్నని పక్క నుంచి కుట్లు ఎత్తుకుని బోర్డరును లోపలి వైపుకు అల్లుతారు. లోపలికి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గాలి కనుక మూలల్లో కుట్లు తగ్గిస్తూ వస్తారు. చివరికి నడిమి చదరం. అంటే నిర్మాణ క్రమంలో చూస్తే పునాది అంచే, మధ్యభాగం ఇంటికప్పు.

ఎందుకిలా? అల్లిక తెలిసినవాళ్లకు కారణం వెంటనే తడుతుంది. చేతి అల్లికలో కుట్లు మూసేసి ముగించే చోట దారం బిగుసుకుంటుంది. ఆ గీత సాగదు. లేసు మాత్రం సాగి తీరాలి. సూది మీద నుంచి దిగినప్పుడు లేసు శాలువ ముడుచుకుపోయిన గుడ్డపీలికలా ఉంటుంది. దాన్ని ఉతికి, తడిగా ఉండగానే చెక్క చట్రానికి నాలుగు పక్కలా లాగి కట్టి ఆరబెడితేనే చిల్లులు తెరుచుకుని నమూనా బయటపడుతుంది. ఆ కట్టడం ఎలా? అంచు మొనల ప్రతి కొసలోంచీ తాడు దూర్చి చట్రానికి బిగిస్తారు. బయటి చుట్టుకొలత బిగుసుకుపోయిన ముగింపు గీత అయితే ఈ లాగుడు సాధ్యం కాదు, లాగితే నూలు తెగుతుంది. అంచును అడ్డంగా పట్టీలా అల్లినప్పుడు శాలువ బయటి గీత మీద ఎక్కడా మూసేసిన కుట్లు ఉండవు. పట్టీ పక్కగీత మాత్రమే ఉంటుంది. అది నూలు ఎంత సాగితే అంత సాగుతుంది.

కనుక ఆ మొనలు అందం కోసం మాత్రమే పుట్టినవి కావు. శాలువను సాగదీసి నిలబెట్టే కొక్కేలు అవి. ఆరిన తర్వాత చట్రం తీసేస్తారు, తాడు తీసేస్తారు. మొనలు మిగులుతాయి. చూసేవాడు వాటిని అలంకారం అనుకుంటాడు. మన ఆలంకారికులలో ధ్వనివాదులు అలంకారాలను ఒంటి మీది కడియాలతో పోల్చారు. అవి లేకపోయినా మనిషి ఉంటాడని భావం. షెట్లాండ్ అంచు ఆ పోలికకు లొంగదు. దాన్ని తీసేస్తే శాలువ నిలవదు.

అంచులోని లెక్క

ఇప్పుడు ఆ అంచును రూపొందించడమంటే ఏమిటో చూద్దాం. లేసు అల్లికలో మూలసూత్రం ఒకటే. సూదికి దారం ఒకసారి అదనంగా చుడితే ఒక చిల్లు పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది. రెండు కుట్లు కలిపి అల్లితే ఒక కుట్టు తగ్గుతుంది. శాలువ మధ్యభాగంలో ప్రతి పెరుగుదలకూ ఒక తగ్గుదల జోడీ ఉంటుంది. అందుకే ఎన్ని చిల్లులు పడినా వెడల్పు మారదు.

అంచులో ఈ జోడీని కావాలనే విడగొడతారు. పది కుట్లతో మొదలుపెట్టి, ఎదుటి వైపు వచ్చే ప్రతి వరుసలోనూ బయటి కొసన జోడీ లేని ఒక చిల్లు వేస్తే, పది వరుసల్లో అయిదు కుట్లు పెరిగి పదిహేను అవుతాయి. అక్కడ మొన కొస. ఆ తర్వాత పది వరుసల్లో అదే కొసన అయిదు కుట్లు తగ్గిస్తే మళ్లీ పది. సగం దూరం చేసిన అప్పు, మిగతా సగంలో తీర్చేయాలి. ఒక్క కుట్టు బాకీ పడినా తర్వాతి మొన వంకర పోతుంది.

ఒక మొనకు ఇరవై వరుసలు. ముందుకూ వెనక్కూ ఒకే రకం కుట్టు అల్లితే రెండేసి వరుసలకు ఒక గట్టు ఏర్పడుతుంది. ఈ రకం అల్లికకు ఒక సుగుణం ఉంది. ఒక గట్టు ఎత్తు, ఒక కుట్టు వెడల్పు దాదాపు సమానం. పైగా అంచులు చుట్టుకుపోవు. అందుచేత ఇరవై వరుసల మొన తిన్నని పక్కన పది గట్లు, వాటి నుంచి పది కుట్లు ఎత్తుకోవచ్చు. బోర్డరులోని నమూనా కూడా పది కుట్లకు ఒకసారి తిరిగి వచ్చేదైతే, ప్రతి నమూనా కింద సరిగ్గా ఒక మొన కూర్చుంటుంది. అది పన్నెండు కుట్ల నమూనా అయితే మొనకు ఇరవై నాలుగు వరుసలు కావాలి. లేకపోతే నమూనా, మొన రెండూ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోతాయి. ఒక వైపుకు 300 కుట్లు కావాలనుకుంటే ముప్పై మొనలు. నాలుగు వైపులా కలిపి 120. మూలలో అంచు మలుపు తిరగాలి కనుక అక్కడ పట్టీకి కొంత అదనపు వదులు ఇవ్వాలి. మూలకొక మొన చొప్పున ఎక్కువ వేస్తే 124 మొనలు, 2,480 వరుసలు. ఈ వదులు ఇవ్వకపోతే మూల దొప్పలా ముడుచుకుంటుంది.

ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండాలన్నప్పుడు, మాట ఎక్కడ విరగాలో, యతి ఎక్కడ పడాలో కవి ముందే చెవిలో పెట్టుకుంటాడు. షెట్లాండ్ స్త్రీ కూడా అలాగే బోర్డరు నమూనా మొదలుకాకముందే, అంచు మొదటి కుట్టు దగ్గరే, మొత్తం శాలువను లెక్కలో పెట్టుకోవాలి. అంచు ముందు అల్లే పద్ధతిలో ఇది తప్పనిసరి. మధ్యలో మనసు మార్చుకునే వీలు లేదు. కాగితం మీద గళ్లు గీసుకున్న నమూనాలు చాలామందికి లేవు. తల్లి దగ్గరా, పొరుగింటా, ఎదుట ఉన్న శాలువను కంటితో చదివీ నేర్చుకున్నారు.

మొన లోపలి ఖాళీలో ఏమి నింపాలన్నది తర్వాతి ప్రశ్న. అక్కడ చిన్న వజ్రాకారమో, మూడు నాలుగు చిల్లుల గుత్తో వేస్తారు. షెట్లాండ్ నమూనాల పేర్లు వినదగ్గవి. పిల్లి పాదం, పక్షి కన్ను, గుర్రపు లాడం, ఫెర్న్ ఆకు, సాలెగూడు, అల జాడ. ఇవన్నీ వాళ్ల కళ్లెదుటి వస్తువులే. పెద్ద నమూనాలోని ఒక ముక్కను చిన్నది చేసి అంచులో మళ్లీ పలికించడం మంచి అల్లిక లక్షణం. అంచు మరీ చిల్లులమయమైతే బరువు చాలక మొన వాలిపోతుంది, మరీ దట్టమైతే లాగినప్పుడు బోర్డరుతో సమానంగా సాగదు. ఈ తూకం ఏ సూత్రమూ చెప్పదు. చెయ్యి చెప్పాలి.

రోజువారీ వాడకానికి అల్లే ముతక శాలువను వాళ్లు హాప్ అంటారు. కప్పుకునేది అని అర్థం. అందులో క్రమం తలకిందులవుతుంది. నడిమి చదరం ముందు, దాని చుట్టూ గొర్రెల సహజమైన రంగుల్లో అలల బోర్డరు, చివర అంచు. ఆ అంచును కూడా మూసేసే గీతగా కాక అడ్డపట్టీగానే అల్లుతారు. రెండు వరుసలకొకసారి పట్టీ చివరి కుట్టును బోర్డరులో సిద్ధంగా ఉన్న ఒక కుట్టుతో కలిపి అల్లితే, అంచు పెరుగుతూ ఉండగానే బోర్డరు మూతపడుతూ పోతుంది. కుట్టి అతికించే పని లేదు. పేదింటి శాలువలోనూ, రాణివాసపు శాలువలోనూ అంచు సూత్రం ఒకటే. ఇది గమనించదగ్గ విషయం.

ఒకే సమస్య, మూడు జవాబులు

భౌతిక పరిస్థితులే రూపాన్ని నిర్ణయిస్తాయని సూటిగా చెప్పేసేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఊలు శాలువ అల్లిన స్త్రీలు మరికొన్ని చోట్ల ఉన్నారు. రష్యాలో ఓరెన్‌బర్గ్ ప్రాంతపు మేక నూగుతో అల్లిన శాలువలు ప్రసిద్ధం. ప్యోత్ర్ రిచ్కోవ్ ఆ మేక నూగు గురించి 1766లోనే రాశాడు. 1862 లండన్ ప్రదర్శనలో అవి మెప్పు పొందాయి. ఆ శాలువలకూ రంపపు పళ్ల అంచే. కాని నిర్మాణం వేరు. కింది అంచును పట్టీగా అల్లి, దాని నుంచి కుట్లు ఎత్తుకుని, ఆపై మధ్యభాగాన్నీ కుడి ఎడమ అంచులనూ ఒకే వరుసలో కలిపి అల్లుకుంటూ పైకి పోతారు. అంచు, ఒళ్లు కలిసి పెరుగుతాయి.

ఎస్తోనియాలో హాప్సాలు అనే సముద్రతీర పట్టణం ఉంది. 1825లో అక్కడ బురద స్నానాల వైద్యశాల వెలిశాక రష్యా సంపన్నులు రావడం, స్థానిక స్త్రీలు వాళ్లకు శాలువలు అల్లి అమ్మడం మొదలైంది. అక్కడ అంచును విడిగా అల్లి, తర్వాత శాలువ చుట్టూ సూదితో కుట్టి కలుపుతారు.

మూడు చోట్లా చలి ఉంది, ఊలు ఉంది, ధనిక కొనుగోలుదారు ఉన్నాడు, ఇంటిపట్టున అల్లే స్త్రీ ఉంది. సమస్య కూడా ఒకటే: సాగే గుడ్డకు సాగే సరిహద్దు ఎలా కట్టాలి? జవాబులు మాత్రం మూడు. అంటే అవసరం ప్రశ్న వేస్తుంది కాని జవాబు రాసి ఇవ్వదు. జవాబు మనిషి బుర్ర నుంచి రావాలి. ఎవరో ఒక స్త్రీ, ఏదో ఒక దీపం వెలుగులో, ఈ కుట్టును ఆ కుట్టుతో కలిపితే ఏమవుతుందని ప్రయత్నించి చూసింది. మరొకామె దాన్ని బాగు చేసింది. సంప్రదాయం అనే ఏకవచనం వెనక ఇలాంటి నిర్ణయాలు అసంఖ్యాకం.

చెమట ఎవరిది, పేరు ఎవరిది

ఈ నిర్ణయాలను ఆ స్త్రీల ఖాతాలో వేయడానికి లోకం ఒప్పుకోలేదు. షెట్లాండ్ దీవుల్లో ఒకటైన ఫెయిర్ ఐల్ రంగుల అల్లిక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1588లో స్పెయిన్ నౌకాదళానికి చెందిన ఎల్ గ్రాన్ గ్రిఫోన్ అనే ఓడ ఆ దీవి దగ్గర పగిలింది, ఆ నావికులే దీవి స్త్రీలకు నమూనాలు నేర్పారు అని. ఓడ పగిలిన మాట నిజం. నేర్పిన మాటకు ఆధారం లేదు. లేసు అల్లిక గురించి కూడా, యూరప్ యాత్రలో సేకరించిన లేసులను ఎవరో దొరసాని చూపిస్తే అక్కడివాళ్లు చూసి నేర్చుకున్నారన్న కథ ఉంది. చూసి ఉండవచ్చు. కాని దారంతో కుట్టిన ఆ లేసుకు, రెండు సూదుల మీద ఊలుతో అల్లే లేసుకు పద్ధతిలో పొంతన లేదు. చూసిన దాన్ని చేయగలిగిన దానిగా మార్చడమే సృజన. ఈ రెండు కథల్లోనూ ఆ భాగమే మాయమైంది. శ్రామిక స్త్రీ ఏదైనా కనిపెట్టిందంటే, ముందు ఒక నావికుణ్ణో ఒక దొరసానినో వెతకడం చరిత్రకారులకు అలవాటైంది.

అదే కాలంలో జేన్ గోగెయిన్ అనే ఎడిన్‌బరో దుకాణదారు 1840లో అల్లిక పుస్తకం అచ్చు వేసింది. ఆ దశకమంతా అలాంటి పుస్తకాలు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. అచ్చయిన నమూనాకు కర్త పేరు వచ్చింది. చేతి నుంచి చేతికి నడిచిన నమూనాకు షెట్లాండ్ అనే ఊరిపేరు మాత్రమే మిగిలింది. మన జానపద గేయాల కింద ‘అజ్ఞాత కర్తృకం’ అని రాసి తృప్తి పడుతున్నప్పుడు మనం చేస్తున్నది కూడా ఇదే కాదా? అజ్ఞాతం అనే మాట, తెలియదు అన్న అర్థం నుంచి క్రమంగా లేదు అన్న అర్థంలోకి జారిపోతుంది.

పేరు సంగతి అలా ఉంచుదాం. కూలి అయినా దక్కిందా? ఇందుకు సాక్ష్యం గట్టిగా ఉంది. సరుకు రూపంలో కూలి ఇచ్చే పద్ధతిపై విచారణకు బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన సంఘం తరఫున విలియం గత్రీ షెట్లాండ్‌లో విచారణ జరిపాడు. 1872లో నివేదిక వచ్చింది. అల్లే స్త్రీలు ఎందరో తమ నోటితో చెప్పిన సంగతులు అందులో అచ్చయ్యాయి. రెండు రకాల అల్లిక సాగేది. సొంత ఊలుతో అల్లి దుకాణదారుకు అమ్మడం, దుకాణదారు ఇచ్చిన ఊలుతో కూలికి అల్లడం. రెంటిలోనూ రొక్కం దొరకడం గగనం. శాలువకు బదులు టీ, గుడ్డ, ఇతర సరుకు ఇస్తారు. వెంటనే సరుకు వద్దంటే ఇంత బాకీ అని ఒక చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ కూడా ఆ దుకాణంలోనే చెల్లుతుంది. తిండిగింజలు కావలసిన స్త్రీ తనకు అక్కర్లేని టీనో గుడ్డనో పొరుగువాళ్లకు తక్కువ ధరకు ఇచ్చి పిండి తెచ్చుకోవాలి. విచిత్రం ఏమిటంటే శాలువకు కావలసిన సన్ననూలు కొనాలంటే మాత్రం రొక్కం చెల్లించాలి. అల్లినదానికి డబ్బు రాదు, అల్లడానికి డబ్బు కావాలి.

1831 నాటి చట్టం కొన్ని పరిశ్రమల్లో సరుకు కూలిని నిషేధించింది. ఇంటి దగ్గర అల్లే స్త్రీ ఆ రక్షణ కిందికి రాలేదు. 1887 సవరణతో చట్టం విస్తరించినా, అలవాటు 20వ శతాబ్దంలోకి కూడా పాకింది. అంచు లెక్కలో ఒక్క కుట్టు బాకీ పడనివ్వని స్త్రీ, దుకాణం లెక్కలో జీవితమంతా బాకీదారుగానే ఉండిపోయింది.

దీని ప్రభావం రూపం మీద పడకుండా ఉంటుందా? కూలి శాలువకే కాని గంటలకు లెక్క లేదు. కనుక త్వరగా అయ్యే సాదా నమూనాల వైపు మొగ్గడానికి ఆర్థిక కారణం బలంగా ఉంది. అయినా మ్యూజియముల్లో మిగిలిన ఉత్తమ శాలువల్లో అంచు దగ్గర పొదుపు కనిపించదు. లెర్విక్ మ్యూజియములోనూ, ఉన్‌స్ట్ దీవి సంగ్రహాలయంలోనూ ఉన్న శాలువలు ఇందుకు సాక్ష్యం. దీన్ని కళ కోసం కళ అనలేం. ఇది అంచు వంకరపోతే తట్టుకోలేని పనివాడి నిజాయితీ. వ్యాపారి దీన్ని ధరలో లెక్కించలేదు, కాని దీని మీదే అతను లాభం తీశాడు.

నరసాపురం అద్దం

ఇదంతా ఎక్కడి గొడవో అనుకోనక్కర్లేదు. మన పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక ఉంది. అది రెండు సూదుల ఊలు అల్లిక కాదు, ఒక్క కొక్కెపు సూదితో నూలు దారం మీద చేసే క్రోషె. పద్ధతి వేరైనా, స్త్రీ ఇంట్లో కూర్చుని దూరదేశపు సంత కోసం అల్లడం అన్నది ఒకటే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకం ప్రపంచమంతా చదివారు. మన సాహిత్య లోకంలో దానికి రావలసినంత చర్చ రాలేదు.

ఆమె చూపిన ముఖ్య విషయం ఇది. ఆ స్త్రీలు రోజుకు గంటల తరబడి అల్లినా, దాన్ని పని అనరు, ఖాళీ సమయపు వ్యాపకం అంటారు. పొలం పనికి వెళ్లకపోవడం గౌరవంగా భావించే కుటుంబాల స్త్రీలకు అదే ఘోషా చాటున సంపాదన మార్గం. పని కాదు కనుక కూలి అడగరాదు. ఆఖరుకు వాళ్లకు దక్కేది వ్యవసాయ కూలికి కూడా చాలదు. ఎగుమతిదారుల పేర్లు కంపెనీ బోర్డుల మీద ఉంటాయి.

అంచు దృష్టితో చూస్తే మరో తేడా కనిపిస్తుంది. నరసాపురంలో చేతిపని ఒకరిది, అతుకుపని మరొకరిది. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె వాటిని కలుపుతుంది. పువ్వు అల్లినామెకు ఆ పువ్వు ఏ బల్లగుడ్డ మీద ఏ మూలకు చేరుతుందో తెలియకపోవచ్చు. షెట్లాండ్ స్త్రీకి కూలి లేకపోయినా మొత్తం శాలువ ఆమె లెక్కలో ఉంది. ఇక్కడ పని ముక్కలైనప్పుడు లెక్క కూడా ఆమె చేతిలోంచి జారింది. కూలి దోపిడీ గురించి మనం రాశాం, రాస్తున్నాం. మొత్తాన్ని ఊహించే హక్కు పోవడం కూడా దోపిడీయేనని ఈ పోలిక చెబుతుంది.

ఆ తర్వాత

శాలువల వాడుక తగ్గాక షెట్లాండ్ స్త్రీలు 1920ల్లో రంగుల జెర్సీల వైపు మళ్లారు. 1970ల్లో ఉత్తర సముద్రంలో చమురు పడ్డాక వేరే ఉద్యోగాలు వచ్చి, కూలి అల్లిక ఇంకా తగ్గింది. చిత్రంగా, బతుకు కోసం అల్లడం తగ్గిన కాలంలోనే ఆ జ్ఞానం కాగితం మీదికి రావడం ఎక్కువైంది. అమెరికాలో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1974 పుస్తకంలో గుండ్రని శాలువకు అడ్డపట్టీ అంచు అల్లే విధానం అందరికీ అర్థమయ్యేలా రాసింది. ఇంగ్లండులో శారన్ మిల్లర్ 2002లో షెట్లాండ్ లేసు నమూనాలను గళ్ల కాగితం మీదికి ఎక్కించి పెద్ద పుస్తకం తెచ్చింది. లిన్ ఏబ్రమ్స్ 2005లో ఆ దీవుల స్త్రీల చరిత్ర రాసింది. పాత శాలువను ముందు పెట్టుకుని కుట్టు కుట్టూ లెక్కపెట్టి నమూనా రాబట్టడం నిజంగా పాఠపరిష్కరణమే. తాళపత్రం ముందు కూర్చున్న పండితుడు చేసేదీ అదే. తేడా ఒక్కటే. తాళపత్రం చివర గద్యలో కవి తన పేరు చెప్పుకుంటాడు. శాలువ అంచులో ఆ గద్య లేదు.

ఈ ఉదాహరణ నుంచి సాహిత్య విద్యార్థి నేర్చుకోవలసినవి మూడు. మొదటిది, దేన్నైనా అలంకారం అని తోసిపుచ్చే ముందు, దాన్ని తీసేస్తే ఏమి కూలుతుందో పరీక్షించాలి. మన కథల్లో మాండలికం, పాటల్లో పల్లవి ఇలాంటి పరీక్షకు నిలిచే అంచులే. రెండవది, పరిస్థితులు రూపాన్ని పుట్టించాయని రాసే ముందు, అవే పరిస్థితుల్లో వేరే రూపాలు ఎందుకు పుట్టాయని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు దగ్గరే సృష్టికర్త కనబడుతుంది. మూడవది, పేరు లేని రచన చూసినప్పుడు రచయిత లేడని అనుకోకూడదు. పేరు ఎవరు, ఎందుకు తొలగించారో వెతకాలి.

పని నేర్పును పొగుడుతూ కూలి సంగతి దాటేసే విమర్శ వ్యాపారి ప్రకటనకు దగ్గర పడుతుంది. కూలి సంగతి చెబుతూ పని నేర్పును దాటేసే విమర్శ, ఆ స్త్రీకి చేతులే ఉన్నాయి, తల లేదు అన్న వ్యాపారి నమ్మకాన్నే తెలియకుండా బలపరుస్తుంది. 124 మొనలను తలలో లెక్కపెట్టుకుని మొదటి కుట్టు ఎక్కించిన మనిషిని చరిత్రలో నిలబెట్టాలంటే ఈ రెండు లెక్కలూ కలిపి రాయక తప్పదు. నరసాపురం మనకు రెండు అడుగుల దూరంలోనే ఉంది. అక్కడి అల్లికను కుట్టు కుట్టుగా చదివి, అల్లినవాళ్లను అడిగి రాసే పని మన తెలుగు ఎం.ఏ. విద్యార్థుల్లో ఎవరైనా చేపడితే, అది సాహిత్య పరిశోధనకు బయటి పని కాదు.